నీటి క్రింది విద్యలో తరువాతి మెట్టెప్పుడు?

(వార్షిక మహాసభ రెండవనాటి సమావేశమున గావింపబడిన ఉపన్యాసము)



ఈ వేదికపై మాటలాడుమని కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము కోరినప్పుడు, విద్యాభివృద్ధిని గూర్చియో, ఐకమత్యమును గూర్చియో నాలుగు మాటలు చెప్పుమందురని తలంచితిమి. వారు మాకొసగిన విషయము వేరు. మన విద్యానిధికి ఈ సంవత్సరము వచ్చిన దరఖాస్తులలో కొన్ని స్కూబా శిక్షణ కొరకు వచ్చినవట. ప్రథమ తరగతి ముగించుకొన్న యువకులు పై తరగతికి ద్రవ్యసహాయము కోరుచున్నారట. ఈయవలెనా, మానవలెనా? ఈయదగినచో ఎప్పుడీయవలెను? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుమని వారి యాజ్ఞ. మేము ఈ విద్యయందు ఉద్దండులము గాము. నడివయస్సున నేర్చితిమి, తప్పటడుగు వేసితిమి, దిద్దుకొంటిమి. ఆ తప్పటడుగే మా యర్హత యని భావించి మా మాటల నాలకింప ప్రార్థన.

"నిదానమే ప్రధానము" అని యొక సామెత. "ఆలస్యము అమృతమును విషము చేయును" అని మరియొకటి. ఈ రెండును మనవారి నోట నిత్యము వినబడునవే. మన పడుచువాండ్రు రెండవదానిని పట్టుకొందురు. తల్లిదండ్రులు మొదటిదానిని పట్టుకొందురు. ఏది ఎప్పుడు వర్తించునో తెలిసికొనుటయే నేటి మన పని.

మొదట ఈ విద్య యెట్టిదో సంగ్రహముగ మనవి చేసెదము. మన తాతముత్తాతలు తెప్పలపై సముద్రము మీద బ్రతికినవారు. చిక్కుకొన్న వలను విడిపించుటకు ఊపిరి బిగబట్టి మునిగినవారు. నేటికిని నదులలో, చెరువులలో ఎవరైన మునిగిపోయిన యెడల అధికారులు ముందుగ పిలుచునది గజయీతగాండ్రనే గదా. అది ఊపిరి బిగబట్టు విద్య. స్కూబా యన్ననో ఊపిరి విడుచుచుండు విద్య. వీపున సిలిండరు, నోట రెగ్యులేటరు, ఒంటిపై బి.సి.డి. యనబడు గాలికోటు ధరించి, మునిగినంత సేపును శ్వాసించుచునే యుండవలెను. ఫ్రాన్సు దేశమున జాక్ కూస్తో, ఎమీల్ గాన్యాన్ అను నిరువురు 1943లో ఇట్టి పరికరమును రూపొందించిరి. దానికి పూర్వమే, 1878లో పాల్ బెర్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, అధిక పీడనము నుండి తటాలున వెలికివచ్చిన వారి శరీరమున నైట్రోజను బుడగలు గట్టి బాధించునని నిరూపించెను. 1908లో జాన్ స్కాట్ హాల్డేన్ తన సహచరులతో గూడి మేకలపై పరీక్షలు జరిపి, ఏ లోతు నుండి ఎంత మెల్లగ పైకి రావలెనో పట్టికలు ప్రకటించెను. నేటి యువకుడు చేతికి గట్టుకొను డైవ్ కంప్యూటరు ఆ పరిశోధనల సంతతియే.

ఇచ్చట మనవారు ముఖ్యముగ గమనింపవలసిన దొకటి కలదు. ఊపిరి బిగబట్టుటలో ఆరితేరినవాడు స్కూబాలో వెంటనే రాణించునని తలంచుట పొరపాటు. పది మీటర్ల లోతున ఊపిరితిత్తుల నిండ గాలి పీల్చి, దానిని బిగబట్టి పైకి వచ్చినవాని లోని గాలి ఉపరితలమున రెండింతలగును. ఊపిరితిత్తులు చిట్లి ప్రాణాపాయము కలుగును. తాత నేర్పిన యలవాటు మనుమని ప్రాణము దీయగలదు. కావున మన పిల్లలు కొత్త విద్య నేర్చుటకు ముందు, పాత యలవాటును మరువ నేర్వవలెను. అందుకు కాలము పట్టును.

ఇక మెట్లు. 1966లో అమెరికాలో స్థాపింపబడిన పాడీ యను సంస్థవారి క్రమమును చెప్పుదము. లోకమున నధికముగ ప్రచారమందున్నది అదియే గనుక. సముద్రతీరములలో యాత్రికులను చేయిపట్టి ఒక్కమారు లోనికి దింపి తెత్తురే, అది పరిచయమాత్రమే. దానికి 12 మీటర్లు హద్దు. అది యోగ్యతాపత్రము గాదు. అసలైన ప్రథమ తరగతి ఓపెన్ వాటర్ డైవర్ అనునది. నాలుగు మునుకలు సముద్రమున వేయించి పత్రమిత్తురు. పెద్దవారికి 18 మీటర్లు హద్దు. రెండవది అడ్వాన్స్‌డ్ ఓపెన్ వాటర్; అందు ఐదు మునుకలు; వానిలో లోతు మునుక యొకటి, దిక్సూచితో దారి కనుగొనుట యొకటి తప్పనిసరి; హద్దు 30 మీటర్లు. ఆ పిమ్మట రెస్క్యూ డైవర్, అనగా ఆపదలోనున్నవానిని కాపాడు విద్య. ఆ మీద డైవ్‌మాస్టర్. ఇది వృత్తికి తొలిమెట్టు. 18 ఏండ్లు నిండియుండవలెను. ప్రారంభించుటకు 40 మునుకలు, ముగించుటకు 60 మునుకలు లెక్కకు రావలెను.

ఈ మెట్ల నడుమ ఎంత యెడముండవలెను? ఇచ్చటనే చిక్కు. పాడీవారి నియమము ప్రకారము ప్రథమ తరగతి ముగిసిన మరునాడే రెండవ తరగతిలో చేరవచ్చును. ఎస్.ఎస్.ఐ. యను మరియొక సంస్థవారు అడ్వాన్స్‌డ్ ఓపెన్ వాటర్ అను నదే పేరుగల పత్రమునకు నాలుగు ప్రత్యేక శిక్షణలును, 24 మునుకలును ఉండవలెనందురు. పేరొక్కటే, ఒకరి యొద్ద తొమ్మిది మునుకల వానికి లభించును, మరియొకరి యొద్ద ఇరువదినాలుగు వేసినవానికి గాని లభింపదు. దీనిని బట్టి పత్రము మీది పేరు చూచి మనిషి నెరుగజాలమని తేటపడుచున్నది. నియమము అనుమతించు దినము వేరు. మనము సిద్ధమైన దినము వేరు.

ఈ భేదమును మేము పుస్తకమున చదివి తెలిసికొనలేదు. అండమాను దీవులలో, 2018 వరకు హేవలాకు అని పిలువబడిన స్వరాజ్ ద్వీపమున, మేము ప్రథమ తరగతి ముగించితిమి. సెలవింకను మూడు దినములున్నది. "ఇంత దూరము వచ్చి రెండవది గూడ ముగింపక పోవుట యెందులకు? మరల వచ్చుటకు విమానపు ఖర్చు లెంత?" అని లెక్కవేసికొంటిమి. మమ్మెవ్వరును బలవంతపెట్టలేదు. మా దురాశయే మమ్ము తోసినది. మరునాడే చేరితిమి.

లోతు మునుకనాడు 28 మీటర్లకు దిగితిమి. నీరు నిర్మలముగ నుండెను. ఒక పెద్ద తాబేలు మా ముందుగ మెల్లగ సాగిపోవుచుండెను. మనస్సున నొక వింత సంతోషము. చింత యనునది లేదు. కొంతసేపటికి గురువు మా యెదుటికి వచ్చి, గాలి యెంత యున్నదని చేతితో సంజ్ఞ చేసెను. మేము గడియారపు ముల్లు చూడకయే, బొటనవ్రేలును చూపుడువ్రేలును చేర్చి "అంతయు బాగున్నది" అని సంజ్ఞ చేసితిమి. ఆయన మా కొలతగడియారమును తానే చేత బట్టి చూచెను. 60 బార్లు మాత్రమే యుండెను. వెంటనే మా భుజము పట్టి, మెల్లమెల్లగ పైకి తెచ్చెను. ఐదు మీటర్ల యొద్ద మూడు నిమిషములు ఆగవలసి యుండగా, అప్పటికి మా గాలి మిక్కిలి తగ్గినందున తన రెండవ రెగ్యులేటరును మాకందించెను. దానిని నోటబెట్టుకొని లోని నీటిని వెలికి ఊదుట మేము నాలుగు దినముల క్రిందట కొలనులో నేర్చినదే. కాని మా చేయి దాని బొత్తామును వెదకికొనలేకపోయినది. ఆయనయే నొక్కెను. గట్టున బడితిమి. దేహమున కేమియు కాలేదు. ఆ సాయంకాలము ఆయన మాతో నొక్క మాట యనెను: "అయ్యా, మీరు తప్పు సంజ్ఞ చేసినందుకు నాకు భయము వేయలేదు. గడియారము చూడవలెనని మీకు తోచనందుకు భయము వేసినది."

మిగిలిన మునుకలు ముగించితిమి. పత్రము చేతికి వచ్చినది. 30 మీటర్లకు దిగవచ్చునని దానిలో నున్నది. దానిని చూచినప్పుడెల్ల మాకు సిగ్గగుచుండెను.

ఆనాడు జరిగినది గ్రహచారము గాదు, లెక్క. ఆ లెక్కను సభవారి యెదుట నుంచెదము. సాధారణముగ వాడు అల్యూమినియపు సిలిండరులో సుమారు 11 లీటర్ల చోటుండును. దానిలో 200 బార్ల పీడనమున గాలి నింపిన యెడల రమారమి 2200 లీటర్ల గాలి యగును. అందు 50 బార్లు ఆపదకై మిగుల్చుట యాచారము. కావున వాడుకకు 1650 లీటర్లు. నిమ్మళముగ ఊపిరి తీయువాడు గట్టుమీద నిమిషమునకు 20 లీటర్లు పీల్చుననుకొందము. పది మీటర్ల లోతున పీడనము రెండింతలగుటచే 40 లీటర్లు ఖర్చగును. అచ్చట సుమారు 41 నిమిషములు నిలువవచ్చును. ముప్పది మీటర్ల లోతున నాలుగింతలగుటచే 80 లీటర్లు. అచ్చట సుమారు 20 నిమిషములే. దిగుటకును ఎక్కుటకును కావలసిన గాలిని అందులోనుండియే తీయవలెను. కొత్తవాడు కంగారున రెండింతలు పీల్చిన యెడల పది నిమిషములకే సరి. పైగా సుమారు 30 మీటర్ల ప్రాంతమున నైట్రోజను మత్తు చాలమందికి తెలిసియు తెలియకయు నెక్కును; మాకు కలిగిన యా వింత సంతోషము అదియే. గాలి త్వరగ తరుగు చోటనే బుద్ధి మందగించును. అట్టి చోట మనలను కాపాడునది బుద్ధి గాదు; అభ్యాసముచే చేతికబ్బిన యలవాటు. "అభ్యాసము కూసు విద్య" యని పెద్దలు ఊరకనే యనలేదు.

తరువాత మేమేమి చేసితిమి? విశాఖపట్టణమునకు తిరిగివచ్చి, ఋషికొండ యొద్ద, పది మీటర్లకు మించని నీటిలో, ఒక యేడాది కాలమున ఇరువది మునుకలు వేసితిమి. అచ్చటి నీరు అండమాను నీరువలె తేటగా నుండదు; కొన్ని దినములు చేయి చాచినంత దూరము కంటె కానరాదు. చూచుటకు వింతలు తక్కువ, నేర్చుటకు తావెక్కువ. ప్రతి మునుకలోను ఒక్కటే నియమము పెట్టుకొంటిమి: గురువు అడుగక ముందే గాలి యెంత యున్నదో మేము చెప్పవలెను. మొదట ప్రయత్నముతో చూచుచుంటిమి. పదునైదవ మునుక నాటికి చూచినట్లు మాకే తెలియకుండ చూచుచుంటిమి. నీటి నడుమ కదలక నిలుచుట, కంటియద్దములో నిండిన నీటిని ఊది వెడలించుట, తోడివానికి గాలి యందించుట, ఇవియు నట్లే యలవాటైనవి. అప్పుడు గాని లోతు పాఠములను మరల, మా యిష్టముతో, పైకమిచ్చి చెప్పించుకొనలేదు. రెండవమారు 28 మీటర్లకు దిగినప్పుడును మత్తు కలిగినది. కాని చేయి తన పని తాను చేసికొనిపోయినది.

ఇక ప్రశ్నకు వత్తము. తరువాతి మెట్టునకు సమయమెప్పుడు? మా యెరుకలో మూడు గురుతులు.

మొదటిది: నేర్చిన పనులు మనస్సు పెట్టకయే సాగవలెను. నీటిలో తేలుబడి కొరకు పెనగులాడువానికి కొత్త పాఠము తలకెక్కదు. ఉట్టికెగురలేనమ్మ స్వర్గమునకెగురునా? కావున ప్రతి యువకుడును తన్ను తానొక్క ప్రశ్న వేసికొనవలెను: "ఈ లోతున, ఈ నీటిలో, నా తోడివాని గాలి యిప్పుడే యైపోయిన యెడల నేనేమి చేయుదును?" దానికి నోరు సమాధానము చెప్పిన చాలదు, చేయి చెప్పవలెను.

రెండవది: ఆ శిక్షణ యెందులకో చెప్పగలిగి యుండవలెను. స్వరాజ్ ద్వీపమునకు చేరువ డిక్సన్స్ పినకిల్ అను జలాంతర శిల కలదు. అది ప్రథమ తరగతివారి హద్దునకు దాపున మొదలై అంతకు మించిన లోతునకు దిగును. దానిని చూడగోరువాడు లోతు శిక్షణ పొందుట న్యాయము. పత్రముల సంఖ్య పెంచుకొనుటకై పొందుట న్యాయము గాదు.

మూడవది: నేర్చిన దానిని వెంటనే వాడుకొను వీలుండవలెను. ఆరు మాసములు నీటికి దూరమైనవాడు పై తరగతికి గాదు, పునశ్చరణకు పోవలెను. మరచినదానిపై కొత్త యంతస్తు కట్టరాదు.

ఇంతవరకు నిదానమును సమర్థించితిమి. ఆలస్యము విషమగు చోట్లును కలవు. హద్దు దాటిన లోతునకు స్నేహితులు రమ్మన్నప్పుడు, "ఒక్కమారు దిగి చూతము, పిమ్మట నేర్తము" అనుట మహాపరాధము. నేర్చిన పిదప దిగవలెను గాని, దిగిన పిదప నేర్వరాదు. ఆక్సిజను పాలు హెచ్చించిన నైట్రాక్స్ గాలిని గూర్చిన పాఠము చేతిపని కంటె లెక్కకు సంబంధించినది. దానిని త్వరగ నేర్చినను దోషము లేదు. అయితే 32 పాళ్ల ఆక్సిజను గల గాలితో 33 మీటర్లకు దిగువ పోరాదను నిషేధమును మరువరాదు. ఇక రెస్క్యూ శిక్షణను చాలమంది లోతులన్నియు చూచిన పిదప తీసికొందురు. కావలసిన యనుభవము రాగానే దానిని ముందుగ తీసికొనుట మేలని మా యభిప్రాయము. దానికి 24 మాసముల లోపల పొందిన ప్రథమ చికిత్సా శిక్షణ యుండవలెను. ఆ చికిత్స నీటిలో కాకున్నను ఇంటిలో నుపయోగపడును.

జీవనోపాధిని గూర్చి యొక హెచ్చరిక. ఈ పత్రములున్న యెడల ఓడరేవులలోను, సముద్రమున నూనె తీయు కంపెనీలలోను కొలువు దొరకునని మన పిల్లలలో నొక నమ్మిక కలదు. ఇవి వినోదపు విద్యకు సంబంధించిన పత్రములు. నీటి క్రింద వెల్డింగు మొదలగు పనులు చేయు వృత్తికి శిక్షణ వేరు, పరీక్షలు వేరు, అపాయము వేరు. డైవ్‌మాస్టర్ పత్రముతో యాత్రికులను నీటిలోనికి గొనిపోవు కొలువు లభింపవచ్చును. అంతకు మించి యాశపడి అప్పు చేయరాదు.

మా యింటి విషయమే మనవి చేసెదము. మా మేనల్లుడు పందొమ్మిదేండ్లవాడు; నిధికి దరఖాస్తు పెట్టినవారిలో వాడును నొకడు. ఈ మాట దాచి మీకు హితవు చెప్పుట ధర్మము గాదు. వానికి ఇరువదిరెండు మునుకలైనవి. డైవ్‌మాస్టర్ తరగతికి పైకము కోరినాడు. "మామయ్యా, నలువది మునుకలు ఎట్లయిన లెక్క చూపవచ్చును, రోజునకు మూడు వేసిన వారములో ముగియును," అనినాడు. "లెక్క చూపుదువు రా, రేపు నిన్ను నమ్మి నీటిలోనికి వచ్చు ఆడపిల్లకు ఏమి చూపుదువు?" అని యడిగితిమి. వాడు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "అయితే ఆ పదునెనిమిది మునుకలలో నేనేమి చేయవలెనో చెప్పుము," అనినాడు. మాకు సంతోషమైనది. ఆ ప్రశ్న యడుగ నేర్చినవాడే పై మెట్టునకు సగము సిద్ధమైనవాడు.

కావున విద్యానిధి పాలకులకు మా విన్నపమిది. దరఖాస్తులను త్రోసిపుచ్చకుడు. కాని పై తరగతికి రుసుము చెల్లించుటకు ముందు, అభ్యాసపు మునుకలకు ద్రవ్యమీయుడు. పది మునుకలు తక్కువ లోతున వేసి, ప్రతిదానియందును ఎంత గాలి ఖర్చైనదో, ఏ పొరపాటు జరిగినదో పుస్తకమున వ్రాసి తెచ్చిన యువకునకు మాత్రమే పై తరగతి రుసుము మంజూరు చేయుడు. వైద్యుని యోగ్యతాపత్రము లేనిదే యెవరికిని ఈయకుడు. మా మేనల్లుని దరఖాస్తును గూడ ఈ నియమమునకు లోబరచి, ఈసారికి ఆపి యుంచుడు. పత్రమునకు పైకమిచ్చుట సులభము. ఛాయాచిత్రము తీసి సంచికలో వేసికొనవచ్చును. అభ్యాసమునకిచ్చిన పైకము కంటికి కానరాదు. అయినను, పిల్లవానిని గట్టునకు తెచ్చునది అదియే.

తెప్పపై సముద్రమునకు పోవువానిని వెనుకటి తండేలు ఒక్క యేడాదిలో చుక్కాని పట్టనిచ్చెడివాడు గాడు. నీరు చేదుట, వల మోయుట, తెడ్డు వేయుట, అన్నియు ముగిసిన పిదప నొకనాడు, ఏమియు చెప్పక, చుక్కాని వాని చేతిలో పెట్టెడివాడు. ఆనాడు వచ్చినదని వానికిని తెలిసియుండెడిది, తండేలునకును తెలిసియుండెడిది. మన పిల్లలకును, వారి గురువులకును అట్టి యెరుక కలుగుగాక.